స్ట్రీమర్‌కు ల్యాన్ లైను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మ్యూజిక్ స్ట్రీమర్ (నెట్ నుంచి పాటలు తీసుకుని ఆంప్లిఫైయర్‌కు ఇచ్చే పరికరం) కోసం మేడ మీది రౌటర్ నుంచి కింద హాలు దాకా 20 మీటర్ల క్యాట్ 6 వైరు గోడ పైపులోంచి లాగించాం. రెండు కొసలా లైటు వెలుగుతోంది. ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయని చూపించాడు. అయినా పాట రెండు మూడు నిమిషాలకోసారి ఆగుతోంది. వైఫైలో పెడితే మాత్రం ఆగట్లేదు. లోపం స్ట్రీమర్‌దేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు స్ట్రీమర్‌ను మేడ మీదికి తీసుకెళ్లండి. కంపెనీలోనే తయారైన ఒకటి రెండు మీటర్ల ప్యాచ్ కార్డుతో (రెండు కొసలా ప్లగ్గులున్న పొట్టి ల్యాన్ వైరుతో) రౌటర్‌లో అదే పోర్టుకు తగిలించి గంటసేపు వినండి. అక్కడా ఆగితే పోర్టు మార్చి చూడండి. ఆగకపోతే స్ట్రీమర్, రౌటర్, నెట్ మూడూ బాగున్నట్టే, తప్పు గోడలోని లైనుది. మీరు రాసిన లక్షణాలను బట్టి మా అనుమానం క్రింపింగ్ (వైరు కొసకు ప్లగ్గు నొక్కి బిగించడం) మీదే.

ఆ టెస్టర్ చెప్పేది ఒక్కటే: ఇవతలి ఒకటో పిన్ను అవతలి ఒకటో పిన్నుకు చేరిందా లేదా అని. ఏ వైరు దేనితో మెలేసుకుని ఉందో దానికి తెలియదు. ల్యాన్ వైరు ప్రాణమంతా ఆ మెలికలోనే ఉంది. 100 ఎంబీపీఎస్ లైనులో 1, 2 పిన్నుల మీద ఒక జత, 3, 6 పిన్నుల మీద ఇంకో జత పనిచేస్తాయి. చూడ్డానికి వరసగా ఉంటుందని ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత పక్కపక్కనే పేర్చేస్తే 3వ పిన్నుకు గ్రీన్ జతలోది, 6వ పిన్నుకు బ్లూ జతలోది వచ్చి చేరతాయి. ఆ రెండు వైర్లకూ ఒకదానితో ఒకదానికి మెలికే లేదు. రెండు కొసలా అదే వరస కాబట్టి టెస్టర్ పాస్ చేసేస్తుంది, లింకు లైటూ వెలుగుతుంది. కానీ ఒక జత సిగ్నల్ మరో జతలోకి కారి డేటా పాడవుతుంది. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. మూడు నాలుగు మీటర్లలో బయటపడకపోవచ్చు. 20 మీటర్లంటే ఇబ్బంది పెడుతుంది.

వైఫైలో ఎందుకు ఆగట్లేదంటే, పాడైన ప్యాకెట్‌ను (డేటా ముక్కను) వైఫై తనే వెంటనే మళ్లీ పంపుతుంది. ఈథర్నెట్ (వైరు మీద నడిచే ల్యాన్) అలా చేయదు, పాడైనదాన్ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. అది రాలేదని పైనున్న టీసీపీ (డేటా అంతా చేరిందో లేదో చూసుకునే పద్ధతి) గమనించి, వేగం తగ్గించి, మళ్లీ అడిగేలోపు స్ట్రీమర్ బఫర్ (ముందుగా తెచ్చి దాచుకున్న పాట ముక్క) ఖాళీ అవుతుంది. వైరు సరిగా లేనప్పుడు వైఫైయే నయమనిపించడానికి కారణం ఇదే.

సరైన వరస ఇది. ప్లగ్గు క్లిప్పు కిందికి, వైరు దూర్చే నోరు మీ వైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జత మధ్యలో బ్లూ జత ఇరుక్కుని ఉండాలి, గుర్తు అదే. రెండు కొసలా ఇదే వరస. మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పైతొడుగు ప్లగ్గు లోపలికి వెళ్లి క్రింప్ కింద నొక్కుకోవాలి. తొడుగు బయటే ఉండిపోతే లాగుడంతా సన్నటి వైర్ల మీదే పడి కొన్నాళ్లకు వదులవుతాయి. గోడలో వేసే గట్టి తీగకు ప్లగ్గు కంటే గోడ బాక్సులో జాక్ బిగించి, అక్కడి నుంచి ప్యాచ్ కార్డు వాడటమే మంచిది.

విప్పినప్పుడే ఒక వైరును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. బాక్సు మీద క్యాట్ 6 అని ఉన్నా సరే, దానికి నిరోధం ఎక్కువ, రెండుసార్లు వంచితే విరుగుతుంది. దాన్ని తీసేసి అసలు రాగిది లాగించండి. అదే పైపులో 230 వోల్టుల కరెంటు వైర్లు కూడా ఉంటే లైను పనిచేస్తున్నా వేరే పైపులోకి మార్పించాల్సిందే. ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ కరెంటు నేరుగా స్ట్రీమర్‌లోకి, దాన్ని ముట్టుకున్న మనిషిలోకి వస్తుంది.

సరిచేశాక పరీక్షించడానికి హాలు కొసకు ల్యాప్‌టాప్ తగిలించి వైఫై ఆపేయండి. రౌటర్ అడ్రసుకు 1400 బైట్ల సైజుతో 200 పింగులు (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష సందేశాలు) పంపండి. ఒక్కటి కూడా పోకూడదు. చిన్న పింగులతో సరిపెట్టుకోవద్దు, బలహీనమైన లైను వాటిని దాటించేస్తుంది.

ప్రశ్న: స్ట్రీమర్‌ను ఫైబర్ కంపెనీ ఇచ్చిన బాక్సుకు వైరుతో కలిపాను. ఫోను మేం కొన్న రెండో రౌటర్ వైఫైలో ఉంది. రెండింట్లోనూ నెట్ వస్తోంది, కానీ ఫోనులోని యాప్‌కు స్ట్రీమర్ కనిపించడం లేదు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: రెండూ ఒకే నెట్‌వర్క్‌లో లేవండీ. ఫోను అడ్రసు, స్ట్రీమర్ అడ్రసు పోల్చి చూడండి. ఒకటి 192.168.1తో, ఇంకోటి 192.168.0తో మొదలైతే ఇదే సంగతి. యాప్ స్ట్రీమర్‌ను వెతికేందుకు వేసే కేక ఆ నెట్‌వర్క్ వరకే వినిపిస్తుంది, రౌటర్ దాన్ని దాటనివ్వదు.

రెండో రౌటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చే మోడ్) ఉంటే దానికి మార్చేయండి, పని అయిపోతుంది. ఆ మోడ్ లేకపోతే దాని ల్యాన్ అడ్రసును మొదటి బాక్సు వరసలో ఎవరూ వాడనిదానికి, ఉదాహరణకు 192.168.1.2కు మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే సెట్టింగు) ఆపి, ఫైబర్ బాక్సు నుంచి వచ్చే వైరును వ్యాన్ పోర్టులోంచి (బయటి నెట్ లైను పెట్టే పోర్టు) తీసి ల్యాన్ పోర్టులో పెట్టండి. ఫోను గెస్ట్ వైఫైలో ఉంటే మాత్రం ఇవన్నీ చేసినా కనిపించకపోవచ్చు. గెస్ట్ వైఫై ఉన్నదే ఇంట్లోని పరికరాలను కనపడనివ్వకుండా దాచడానికి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ స్ట్రీమర్‌కు నెట్ రాదు. అడ్రసు 169.254తో మొదలవుతున్నట్టు చూపిస్తోంది. మధ్యలో ఐదు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ (ల్యాన్ వైర్లను కలిపే బాక్సు) ఉంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 169.254 అంటే రౌటర్‌ను అడ్రసు అడిగితే జవాబు రాక స్ట్రీమర్ తనకు తానే పెట్టుకున్నది. కరెంటు రాగానే స్విచ్ క్షణాల్లో లేస్తుంది. లైను వచ్చిందనుకుని స్ట్రీమర్ అడ్రసు అడుగుతుంది, అప్పటికి రౌటర్ ఇంకా లేవలేదు. మధ్యలో స్విచ్ లేకుంటే రౌటర్ లేచినప్పుడే లింకు కొత్తగా వచ్చి మళ్లీ అడిగేది.

రౌటర్ పూర్తిగా లేచాక స్ట్రీమర్ వైరు తీసి పది సెకన్లాగి పెట్టండి, అప్పటికి సరిపోతుంది. శాశ్వతంగా అయితే రౌటర్‌కూ ఫైబర్ బాక్సుకూ మినీ యూపీఎస్ పెట్టండి. అడాప్టర్ మీద వోల్టేజీ చూసి కొనండి: 12 వోల్టులది 9 వోల్టుల పరికరానికి తగిలిస్తే కాలిపోవచ్చు. యూపీఎస్ ఇచ్చే యాంపియర్లు అడాప్టర్ మీద ఉన్నదానికి తగ్గకూడదు.

ప్రశ్న: ఆడియో కోసమే చేసిన ఖరీదైన ల్యాన్ కేబుల్ వేస్తే ధ్వని మెరుగవుతుందా? షీల్డు (లోపలి వైర్ల చుట్టూ లోహపు తొడుగు) ఉన్నది వేసిన రోజు నుంచి స్పీకర్లలో సన్నటి ‘హమ్’ వస్తోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మెరుగవదు. సీడీ నాణ్యతకు సెకనుకు 1,411 కిలోబిట్లు, 24 బిట్ల 192 కిలోహెర్ట్జ్ పాటకు కుదించకుండా పంపినా 9.2 మెగాబిట్లు చాలు. స్ట్రీమర్ల మామూలు 100 ఎంబీపీఎస్ పోర్టుకు అది పదో వంతు కూడా కాదు. టీసీపీలో వచ్చే పాటలో పాడైన ముక్క మళ్లీ పంపబడుతుంది కాబట్టి, లైను తప్పు చేస్తే పాట ఆగుతుంది తప్ప స్వరం మసకబారదు.

ఆ ‘హమ్’ మాత్రం నిజమే. షీల్డుకు రెండు కొసలా లోహపు ప్లగ్గు ఉంటే రౌటర్ వైపు ఎర్తూ ఆంప్లిఫైయర్ వైపు ఎర్తూ కలిసిపోయి 50 హెర్ట్జ్ మోత వస్తుంది. మామూలు ల్యాన్ పోర్టు లోపలే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి రెండు పరికరాలనూ విడిగా ఉంచుతుంది, షీల్డు దాన్ని తప్పించి పక్కదారి వేసింది. ప్లాస్టిక్ ప్లగ్గుల మామూలు యూటీపీ (షీల్డు లేని) ప్యాచ్ కార్డు వేయండి. ‘హమ్’ పోకపోతే ల్యాన్ వైరు పూర్తిగా తీసేసి ఒకసారి వినండి. అప్పటికీ ఉంటే అది నెట్ వైపు నుంచి రావడం లేదు, ఆంప్లిఫైయర్‌కు వెళ్లే ఆర్‌సీఏ (ఆడియో) వైర్లూ ప్లగ్ పాయింట్ల ఎర్తూ చూడాలి.