పరువును నిర్వహిస్తామా?

సందేహం: నల్లగొండలో 18 ఏళ్లు రాజకీయ విలేకరిగా పనిచేసి, ఈ మధ్యే హైదరాబాదులో ఒక పబ్లిక్ రిలేషన్స్ సంస్థలో చేరాను. తెలుగు కార్డు మీద 'పౌరసంబంధాలు' అని వేయించాలా, 'ప్రజాసంబంధాలు' అని వేయించాలా? 'రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్'ను 'పరువు నిర్వహణ' అనవచ్చునా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: 'ప్రజాసంబంధాలు' అనే వేయించండి. సమాసం కాబట్టి కలిపి రాయాలి. పౌరుడంటే మొదట పురంలో ఉండేవాడు, తర్వాత దేశానికంతటికీ పౌరుడయ్యాడు. ప్రభుత్వానికీ పౌరులకూ నడుమ మాట చేరవేసేది కనుక సమాచార పౌరసంబంధాల శాఖకు ఆ పేరు అతికింది. కలెక్టరేటులో డీపీఆర్వోను, అంటే జిల్లా పౌరసంబంధాల అధికారిని, మీరు ఎన్నిసార్లు కలిసి ఉంటారో! మీ కార్డు మీదా అదే మాట కనబడితే మిమ్మల్ని సర్కారు మనిషే అనుకుంటారు.

'పరువు నిర్వహణ' మాత్రం నాకు మింగుడుపడదు. సభ నిర్వహిస్తాం, శాఖ నిర్వహిస్తాం, బాధ్యత నిర్వహిస్తాం. అవన్నీ మన చేతిలో ఉన్న పనులు. పరువుండేది ఎదుటివాళ్ల కళ్లలో. దాని పక్కన మనవాళ్లు ఏ క్రియలు వాడతారో గమనించండి: పరువు పోతుంది, తీస్తారు, కాపాడుకుంటాం, నిలబెట్టుకుంటాం. మొన్న గడియారం సెంటరులో చాయ్ తాగుతుంటే, పక్కబల్ల మీద ఒక పెద్దమనిషి పేపరు మడిచి పెట్టి, "నలుగుట్ల నా ఇజ్జత్ తీసిండ్రు" అని ఫోనులో గొంతు తగ్గించి చెబుతున్నాడు. ఇజ్జత్ ఉర్దూ నుంచి వచ్చిన మాట. మన నోట పడగానే పరువుకున్న క్రియనే తెచ్చుకుంది! పేరు సంగతి వేరు. దాన్ని 'తెచ్చుకుంటాం', అంటే అంతకుముందు లేదన్నమాట. ఇక ప్రతిష్ఠలో ఉన్నది 'స్థా' ధాతువు, నిలవడం అని అర్థం. విగ్రహ ప్రతిష్ఠలోని మాటే ఇదీ. ష కింద ఠ వత్తే రావాలి, 'ప్రతిష్ట' తప్పు.

అందుకని 'ప్రతిష్ఠా పరిరక్షణ' అనండి. బరువనిపిస్తే 'పేరు నిలబెట్టే సలహాలు' అన్నా చాలు, ఊళ్లో అందరికీ అర్థమవుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. 'వార్త'కు మూలం 'వృత్' ధాతువు, జరగడం. వృత్తాంతం పుట్టిందీ అక్కడే. ప్రకటన అంటే వెల్లడి చేయడం. వార్త చదివినవాడు 'ఇది జరిగిందా?' అని అడగాలి. ప్రకటన చదివినవాడికి 'ఇది ఎవరు చెబుతున్నారు?' అన్నది తెలియాలి. 1922లోనే నీలగిరి పత్రికను వెలువరించిన ఊరు మీది, వార్త అన్న మాటకు అక్కడ విలువ ఎక్కువ. ఇకమీదట మీరు పత్రికలకు పంపే కాగితం నెత్తిన 'పత్రికా ప్రకటన' అని, అడుగున ఎవరి తరఫున పంపుతున్నారో తప్పకుండా రాయండి. పాత దోస్తులు "వార్త పంపినవా అన్నా?" అని అడిగితే, "ప్రకటన పంపిన" అనండి.