జాంబీ గేమ్ ఆపేసినా గుండె దడ తగ్గడం లేదు.. మాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. ఆఫీసు పని ముగించుకుని, భోంచేసి, రాత్రి పదిన్నరకి ప్రాజెక్ట్ జాంబాయిడ్ అనే కంప్యూటర్ గేమ్ ఆడటం మొదలుపెడతాను. జాంబీల (నడిచే శవాల) నుంచి తప్పించుకుని బతకాలి. ఒక్కడినే ఆడతాను. రెండు దాటితే గానీ లేవను. పాత్ర చచ్చిపోతే అంతే సంగతులు, మళ్లీ కొత్త పాత్రతో మొదలుపెట్టాలి. అందుకని ఆడినంతసేపూ టెన్షన్‌గానే ఉంటుంది. పడుకున్నాక కూడా గుండె దడదడలాడుతోంది. కళ్లు మూసుకుంటే జాంబీలే కనిపిస్తున్నాయి, తెల్లవారుజామున పీడకలలు వస్తున్నాయి. ఈ మధ్య ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. గుండె జబ్బేమోనని భయంగా ఉంది. ఆటలో పానిక్ తగ్గడానికి బీటా బ్లాకర్ మాత్రలు ఉంటాయి. అలాంటివి గానీ, నిద్రమాత్రలు గానీ నేను వేసుకోవచ్చా? లేక ఆట పూర్తిగా మానేయాలా?
– ఒక పాఠకుడు

సలహా: ముందు మాత్రల సంగతి చెబుతాను. సొంతంగా ఏదీ వేసుకోవద్దు. బీటా బ్లాకర్లు నిజంగానే ఉన్నాయి. గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని దడను తగ్గిస్తాయి. కానీ ఆటలో పాత్ర చేత ఒక మాత్ర మింగిస్తే పానిక్ తగ్గిపోయి అంతటితో అయిపోతుంది. నిజజీవితంలో అలా కాదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ మాత్ర వేసుకుంటే ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు. బీపీ తక్కువగా ఉన్నవాళ్లకి, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే పరీక్ష చేశాక గానీ డాక్టర్లు వీటిని రాయరు. ఇక నిద్రమాత్రలకు తేలిగ్గా అలవాటు పడిపోతాం. పైగా రెండింటి దాకా ఆడే అలవాటు అలాగే ఉంచుకుని మాత్ర వేసుకుంటే పొద్దున ఆఫీసులో మత్తుగా కూర్చోవడం తప్ప ప్రయోజనం ఉండదు.

గుండె దడ, ఎడమ చేతి తిమ్మిరి రెండూ కలిపి చూసుకుని మీరు భయపడుతున్నారు. అలా భయపడటం సహజమే. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఈ రెండూ వేర్వేరు సమస్యల్లా ఉన్నాయి.

తిమ్మిరి చిటికెన వేలికి, ఉంగరం వేలికి మాత్రమే పరిమితమైందంటే నేను మొదట అనుమానించేది మోచేతినే. మోచేయి ఎక్కడైనా తగిలితే జిల్లుమని షాక్ కొట్టినట్టు ఉంటుంది కదా, అక్కడ ఎముక పక్కనే చర్మం కింద అల్నార్ నరం ఉంటుంది. ఆ రెండు వేళ్లకి స్పర్శ తెలియజేసేది అదే. మోచేయి బాగా మడిచి ఉంచినా, టేబుల్ అంచుకి గంటల తరబడి ఆనించినా నరం నలుగుతుంది. మీరు ఎలా కూర్చుంటున్నారో ఒకసారి గమనించండి. ఎడమ చేతి వేళ్లు పాత్రని నడిపించే కీబోర్డ్ బటన్ల మీద, చిటికెన వేలు షిఫ్ట్ బటన్ మీద, మోచేయి టేబుల్ అంచు మీద... టెన్షన్ పెరిగేకొద్దీ ముందుకు వంగి ఒంటి బరువంతా ఆ మోచేతి మీదే వేస్తారు. ఇంట్లోనే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మోచేయి పూర్తిగా మడిచి ఒక నిమిషం అలాగే ఉంచండి. అవే వేళ్లలో తిమ్మిరి మొదలైతే నరం ఒత్తిడే అయ్యే అవకాశం ఎక్కువ. కుర్చీ ఎత్తు పెంచి, ముంజేయి మొత్తం టేబుల్ మీద ఆనేలా కూర్చోండి. మోచేయి మాత్రం అంచుకి తగలకూడదు. చేయి మడిచి తల కింద పెట్టుకుని పడుకునే అలవాటుంటే మానండి. రాత్రి మోచేతి చుట్టూ మెత్తటి టవల్ వదులుగా చుట్టుకుంటే నిద్రలో మడత పడకుండా ఉంటుంది. కొన్ని వారాలైనా తగ్గకపోయినా, చేతి పట్టు సడలినా, బొటనవేలికి చూపుడువేలికి మధ్య కండ పలచబడుతున్నట్టు కనిపించినా న్యూరాలజిస్టుని కలవండి. నరాల పరీక్షతో తేలిపోతుంది.

ఇప్పుడు దడ గురించి. అడ్రినలిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు, కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది. మరి పడుకున్నాక కూడా దడ ఎందుకంటే, ఆట ఆపారు గానీ ఆలోచన ఆపలేదు. ఆ తలుపు వేయకుండా వచ్చానా, ఆ ఇంట్లోకి వెళ్లకపోతే బాగుండేదా అని మంచం మీద కూడా అదే నడుస్తుంటే అడ్రినలిన్ మళ్లీ మళ్లీ విడుదలవుతూనే ఉంటుంది. దానికి తోడు చీకట్లో, నిశ్శబ్దంలో మన గుండె చప్పుడు మనకే ఎక్కువగా తెలుస్తుంది. సాయంత్రం కాఫీ తాగుతుంటే అదీ ఒక కారణమే. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఆట మానేయమని నేను చెప్పను. ఒక చిన్న బృందం ఏళ్ల తరబడి శ్రద్ధగా తయారు చేసిన ఆట అది. ప్లాన్ వేసుకోవడం, ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవడం అందులో అడుగడుగునా ఉంటాయి. దాన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు. అసలు చిక్కల్లా ఎక్కడ ఆపాలో ఆ ఆట చెప్పదు. లెవెల్ పూర్తవడం, గెలవడం ఉండవు. ఇది మీ చావు కథ అని మొదట్లోనే చెప్పేస్తుంది. ఎన్నాళ్లు బతికారన్నదే లెక్క. కాబట్టి ఎక్కడ ఆపాలో మీరే పెట్టుకోవాలి. సెట్టింగ్ మార్చకపోతే ఆటలో ఒక రోజు మనకి ఒక గంట. రోజుకి రెండు ఆట రోజులు చాలనుకోండి. మీ పాత్ర సురక్షితమైన ఇంట్లోకి చేరి పడుకునే వేళకి మీరూ బయటికి వచ్చేయండి. ఒంటరిగా ఆడుతున్నారు కాబట్టి బయటికి వస్తే ఆట సేవ్ అవుతుంది, మీరు లేనప్పుడు ముందుకు నడవదు. జాంబీల గుంపు చుట్టుముట్టిన సమయంలో మాత్రం ఆపొద్దు, అలా ఆపితే ఆలోచన అక్కడే చిక్కుకుపోతుంది. అలాంటి రోజున ఇంకో పది నిమిషాలు ఆడి ఇల్లు చేరాకే లేవండి.

వీలైతే ఆట వేళనే ముందుకు జరపండి. ఇంటికి రాగానే ఆడి, తర్వాత భోంచేయండి. నిద్రకీ ఆటకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. ఆ గంటలో స్నానం, పాటలు, ఇంట్లోవాళ్లతో కబుర్లు ఏదైనా సరే, ఆట వీడియోలు మాత్రం వద్దు. ఇయర్‌ఫోన్స్ సౌండ్ తగ్గించండి. వెనక నుంచి ఉన్నట్టుండి వచ్చే చప్పుడుకే ఒళ్లు ఎక్కువగా ఉలిక్కిపడుతుంది. ఆటని మనకి నచ్చినట్టు మార్చుకునే శాండ్‌బాక్స్ సెట్టింగుల్లో జాంబీల సంఖ్య తగ్గించుకోవచ్చు, అలా ఆడటం నామోషీ ఏమీ కాదు. మరో సంగతి. ఆ ఆటలో నిద్ర చాలని పాత్ర దెబ్బ కొడితే అందులో బలం ఉండదు. మీకూ అంతే, పెద్దవాళ్లకి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి.

కళ్లు మూసుకోగానే జాంబీలు కనిపించడం జబ్బు కాదు. గంటల తరబడి చూసిన దృశ్యాలు నిద్ర పట్టే వేళ మళ్లీ కదలాడటం చాలామందికి ఉండేదే. పీడకలలు ఎక్కువగా నిద్ర చివరి భాగంలో వస్తాయి, మీకు తెల్లవారుజామున రావడం అందుకే. ఒకే కల మళ్లీ మళ్లీ వస్తుంటే పగటిపూట దాన్ని కాగితం మీద రాసి, ముగింపు మీకు నచ్చినట్టు మార్చండి. ఆ మార్చిన కలని రోజూ పది నిమిషాలు మనసులో ఊహించుకోండి. పీడకలలకి మానసిక వైద్యులు ఈ పద్ధతిని నిజంగా వాడతారు.

మీకు గేమింగ్ వ్యసనం ఉందని మీ ఉత్తరాన్ని బట్టి నేను అనను. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం, ఇదంతా సాధారణంగా ఏడాది పాటు ఉంటేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రుగ్మతగా లెక్కిస్తుంది. మీరు పెట్టుకున్న వేళకి ఆట ఆపి లేవలేకపోతుంటే మాత్రం ఆ విషయం డాక్టరుకి దాచకుండా చెప్పండి.

రెండు మూడు వారాలు ఇలా చేసి చూడండి. అయినా దడ ఉంటే ఫిజీషియన్‌ని కలిసి ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం వల్ల కూడా ఇలాగే దడ వస్తుంది. ఆడుతుండగా స్పృహ తప్పినా, మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఈ రెండు మూడు వారాలు కూడా ఆగొద్దు. ఆట పక్కన పెట్టి వెంటనే కార్డియాలజిస్టుని కలవండి. పుట్టుకతో ఉండే కొన్ని గుండె లయ లోపాలు ఇలాంటి ఉద్వేగ సమయంలోనే బయటపడతాయి. ఛాతీ మధ్యలో బరువుగా నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే ఏ వేళైనా సరే అత్యవసర విభాగానికి వెళ్లాలి.