వార్డు నుంచి అనాటమీకి

ప్రశ్న: చెన్నైలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది నెల్లూరు. ఫస్ట్ ఇయర్‌లో అనాటమీలో (శరీర నిర్మాణ శాస్త్రంలో) మంచి మార్కులు వచ్చాయి. ఇప్పుడు వార్డులో సార్ అడిగితే సగం గుర్తు రావట్లేదు, టెన్షన్‌గా ఉంది. జూనియర్లకు వారానికోసారి అనాటమీ చెప్పమని సీనియర్లు అంటున్నారు. పీజీకి చదువుకోకుండా ఈ పాఠాలెందుకని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా చెప్పండి. వారానికి ఒక గంట చాలు, పరీక్షల నెలలో మానేయండి.

మీరు మరిచిపోవడం వింతేమీ కాదు. శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో చేతిని భుజం నుంచి వేళ్ల దాకా వరుసగా చదివారు. రోగి అలా రాడు. మణికట్టు పైకి లేవడం లేదంటూ వస్తాడు. ఎక్స్‌రే తీస్తే హ్యూమరస్, అంటే భుజానికీ మోచేతికీ మధ్య ఎముక, మధ్యలో విరిగి ఉంటుంది. ఆ ఎముక వెనక గాడిలో, మణికట్టును పైకి లేపే కండరాలను నడిపే రేడియల్ నర్వ్ అనే నరం పోతుందని మీకు తెలుసు. కానీ వేలాడే చేతిని చూసి వెనక్కి వెనక్కి ఆలోచిస్తూ ఆ నరం దాకా వెళ్లడం ఇంకా అలవాటు కాలేదు. జూనియర్లకు ఆ దారి చూపించాలంటే ముందు మీరు దాన్ని నాలుగుసార్లు తిరగాలి. మీకు దక్కే లాభం అదే.

అందుకే పాఠాన్ని పుస్తకంలోని చాప్టర్‌తో కాకుండా ఆ వారం చూసిన కేసుతో ఎత్తుకోండి. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసేటప్పుడు సూదిని పక్కటెముక పై అంచు మీదుగానే ఎందుకు దింపారు? పై ఎముక కింది అంచు గాడిలో సిర, ధమని, నరం ఉంటాయి కనుక. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము వెన్నుపూసల్లో పైవైన ఎల్1, ఎల్2 దగ్గరే ముగుస్తుంది కాబట్టి లంబార్ పంక్చర్ (నడుము దగ్గర సూదితో వెన్ను నీరు తీయడం) ఇంకా కిందికి, ఎల్3, ఎల్4 మధ్య చేస్తారు. ఇక గైనిక్ పోస్టింగ్‌లో హిస్టరెక్టమీ (గర్భసంచి తీసే ఆపరేషన్) చూశారా? గర్భసంచికి రక్తం తెచ్చే యుటరైన్ ఆర్టరీని కట్టే ముందు మేడమ్ అంత జాగ్రత్తపడేది యురేటర్ (మూత్రనాళం) గురించి. అది ఆ ఆర్టరీ కిందుగానే పోతుంది. ఈ ఒక్క చోటు మీదే గంటసేపు బొమ్మలు గీస్తూ చెప్పవచ్చు, అది నాకు చాలా ఇష్టమైన పాఠం.

సందేహమున్న విషయం మాత్రం ఊహించి చెప్పకండి. అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి, వాళ్ల అనుమతితోనే క్లాసు పెట్టుకోండి. రోగుల పేర్లు, ఫొటోలు క్లాసులోకి రాకూడదు.

మీ నాన్నగారి భయం అర్థం చేసుకోదగ్గదే. నీట్ పీజీలో చాలా ప్రశ్నలు కేసు రూపంలోనే వస్తాయని ఆయనకు చెప్పండి. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త ఎంబీబీఎస్ కరికులమ్ కూడా అనాటమీని క్లినికల్ సబ్జెక్టులతో కలిపి నేర్పమంటోంది.

పాఠాలు చెబుతూ అనాటమీలోనే పీజీ చేయాలనిపిస్తే, ఎండీ అనాటమీ మూడేళ్ల కోర్సు, నీట్ పీజీ ద్వారానే చేరాలి. అందులో మీ రోజంతా విద్యార్థులతో గడుస్తుంది, రోగులతో కాదు. ఆ నిర్ణయం సీఆర్ఆర్ఐ (ఎంబీబీఎస్ చివర చేసే ఇంటర్న్‌షిప్) చేశాక తీసుకోండి. పాఠం చెప్పడం ఇష్టమైతే సర్జరీ, ఆర్థో, రేడియాలజీల్లోనూ అనాటమీ మీతోనే ఉంటుంది.

మరో మాట. మీ నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి వచ్చే రోగులు తమిళం అర్థంకాక మీ వైపు చూస్తారు. పిత్తాశయం తీసేస్తే అన్నం ఎలా అరుగుతుందని అడిగితే, యూనిట్ డాక్టరుకు చెప్పి, పిత్తరసాన్ని తయారుచేసేది కాలేయమేనని, ఆ సంచి దాచి ఉంచేదేనని తెలుగులో చెప్పండి. అదీ అనాటమీ పాఠమే.

మొదటి క్లాసుకు వేలాడే మణికట్టునే తీసుకోండి. ఇద్దరు ముగ్గురు వచ్చినా సరే, మొదలుపెట్టండి.