మండువా దొరికింది, మరి చప్పుడు?

ప్రశ్న: పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నామండీ. చేతిలో ఉన్నది 30 వేలు. మండువా ఇల్లు, కాలవగట్టు కావాలి. అద్దెకిచ్చే ఇంటివాళ్లు రోజుకి 15 వేలు అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: తమ్ముడూ, సినిమావాళ్లు తిరిగిన ఇంటి జోలికి పోకు, దానికి రేటు అలవాటైపోయింది. మీ టీంలో ఎవరో ఒకరికి మేనత్తగారిల్లు ఉండే ఉంటుంది, అక్కడ అడుగు. ఇల్లంతా అక్కర్లేదు. నాలుగు స్తంభాలు, వాన పడే నడిమి గుంట కనబడితే చాలు. నడినెత్తిన ఎండుంటే కళ్ల కింద నీడలు పడతాయి, పొద్దున్నే తీసెయ్.

ఇల్లు కళ్లతో చూడటం కాదు, చెవులతో చూడాలి. నేనోసారి రొయ్యల చెరువుల పక్కన ఇల్లు ఖాయం చేశాను. పగలు చూసొచ్చాం, ఎంత ప్రశాంతమో! రాత్రి సీన్ మొదలెట్టేసరికి చెరువుల్లో ఏరియేటర్లు, అదే నీళ్లకి గాలి పట్టించే మిషన్లు, తిప్పారు. హీరోయిన్ గుసగుస ఒక్క ముక్క వినబడితే ఒట్టు. డబ్బింగ్‌కి మళ్లీ అప్పు చేశాను. అందుకే షూటింగ్ చేసే వేళకే వెళ్లి, ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డ్ చేసి విను. కొబ్బరి దింపు, అంటే చెట్ల మీంచి కాయలు దింపడం, ఎప్పుడో కూడా అడుగు, ఆ చప్పుడూ పడకూడదు.

వేసవిలో కాలవలు కట్టేస్తారు, అప్పుడు వెళ్తే బురదే. గట్టు మీద తీసేముందు ఇరిగేషన్ ఆఫీసులో అడగాలి. ఏటి షాట్ కావాలంటే సఖినేటిపల్లి రేవుకెళ్లు.

భోజనాలు మీరే తెచ్చుకోండి. ఇంటావిడ పెడతానన్నా ఒక్క పూటకే ఒప్పుకోండి.