లోడ్ పడగానే డీజిల్ ఇంజిన్ వేగం తగ్గితే గవర్నర్‌ను సరిచేయాలా?

జనరేటర్‌పై లోడ్ పడినప్పుడు ఇంజిన్ వేగం కొంత తగ్గడం, డీజిల్‌ను పెంచుతూ తగ్గిస్తూ వేగాన్ని అదుపులో ఉంచే మెకానికల్ గవర్నర్‌కు సహజమే. ఎంత తగ్గుతోందన్నదే చూడవలసిన విషయం. నాలుగు పోల్స్ ఉన్న 50 హెర్ట్జ్ జనరేటర్ పూర్తి లోడ్ మీద నిమిషానికి 1500 చుట్లు తిరగాలి కాబట్టి, లోడ్ లేనప్పుడు దానిని 1560 దగ్గర ఉంచితే తేడా 4 శాతం అవుతుంది. దీనినే డ్రూప్ అంటారు. ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత, లోడ్‌ను అంచెలంచెలుగా పెంచుతూ, ప్రతి దశలోనూ వేగం నిలకడపడ్డాకే టాకోమీటర్ కొలత రాసుకోవాలి.

వేగం అంతకు మించి పడిపోతే వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోవడం సరికాదు. ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము పేరుకున్నా, డీజిల్ పైపుల్లో గాలి చేరినా ఇదే లక్షణం కనిపిస్తుంది. వేగం ఆగకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ఇంజిన్ ఆపి, గవర్నర్ నుంచి పంపు ర్యాక్‌కు (ఇంజిన్‌కు వెళ్లే డీజిల్ మోతాదును మార్చే కడ్డీకి) వెళ్లే లింకేజీని చేత్తో కదిపి చూడండి. అది ఎక్కడా పట్టేయకుండా జారాలి, కీళ్లలో వదులు ఉండకూడదు.

ఇవన్నీ సవ్యంగా ఉన్నాకే లాక్ నట్ వదులు చేసి, వేగం స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ మళ్లీ కొలవాలి. పూర్తి లోడ్ ఇంధనాన్ని పరిమితం చేసే, సీలు వేసిన స్క్రూ జోలికి మాత్రం పోవద్దు: గాలి అంతే ఉండగా డీజిల్ ఒక్కటే పెరిగితే అది పూర్తిగా కాలక నల్లటి పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్లు దెబ్బతింటాయి. ఆ అమరికను పంపు విప్పి, టెస్ట్ బెంచ్‌పై, తయారీదారు ఇచ్చిన కొలతలకే చేయించాలి.

పరీక్ష జరుగుతున్నంతసేపూ స్టాప్ లీవర్ దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. ర్యాక్ తెరుచుకుని ఇరుక్కుపోతే లీవర్ కూడా పనిచేయకపోవచ్చు కనుక, గాలి లోపలికి వెళ్లే దారిని మూసి ఇంజిన్‌ను ఆపడానికి సరిపడే చెక్కపలకను ముందే చేతికందేలా ఉంచుకోవాలి.