అన్నీ వదిలి ఒంటరిగా వెళ్తేనే తన్ను తాను తెలుసుకోగలమా?

అక్కర్లేదనే నా అభిప్రాయం. రమణ మహర్షి సంగతే చూడండి. ఇల్లు వదిలి అరుణాచలం చేరాకే జ్ఞానం కలిగిందని చాలామంది అనుకుంటారు. వరస అది కాదు. 1896 జూలైలో, మదురైలో పినతండ్రి ఇంట్లోనే, పదహారేళ్ల వెంకటరామన్‌కి (మహర్షి అసలు పేరు అదే) ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. శవంలా పడుకుని, ఒళ్లు పోతే నేనూ పోతానా అని లోపల వెతుక్కున్నాడు. ఆ భయం మళ్లీ రాలేదు. ఇల్లు వదిలింది దాదాపు ఆరు వారాల తర్వాత, ఆగస్టు చివర్లో.

వెళ్తూ ఓ చీటీ రాసిపెట్టాడు. అన్న కాలేజీ ఫీజు అయిదు రూపాయల్లో మూడు తీసుకుని, మిగతా రెండూ చీటీతోనే ఉంచాడు. ఆ చీటీ ‘నేను’ అని మొదలై, కాస్త ముందుకెళ్లేసరికి ‘ఇది’ అయిపోయింది. సంతకం ఉండాల్సిన చోట ఒట్టి గీత! తిరువణ్ణామలైలో, అంటే అరుణాచలంలో, మిగిలిన చిల్లర కోనేట్లో విసిరేయడాన్నే అందరూ చెప్పుకుంటారు గానీ, అసలు త్యాగం ఆ గీతే అనిపిస్తుంది నాకు.

ఇక ఏకాంతం అంటారా, అరుణాచలం కొండమీది విరూపాక్ష గుహలో 1899 నుంచి 1916 దాకా ఉన్నా వచ్చినవాళ్లని పొమ్మనలేదు. మన బొబ్బిలి ప్రాంతపు సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి ముని ఎంతో జపం చేసి కూడా తపస్సంటే అర్థంకాక 1907లో అక్కడికే వెళ్లారు. ‘నేను’ ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే అణుగుతుంది, అదే తపస్సన్నారు మహర్షి. తర్వాత ఆశ్రమంలో తెల్లారకముందే వంటింట్లో కూర్చుని కూరలు తరిగేవారు. సన్యాసం పుచ్చుకుంటామన్న గృహస్థుల్ని మాత్రం సాధారణంగా వారించేవారు; అడవికి పోయినా మనసు వెంటే వస్తుందిగా.