లోపలి గాలి ఎటు పోతోందో ముందు చూడండి

మీరు అడిగింది ఇది: కోవిడ్ లాంటిది మళ్లీ వస్తే ఆఫీసు, బ్యాంకు, బస్సు, ఫంక్షన్ హాలు లాంటి నలుగురూ కూడే చోట్లకు వెళ్లొచ్చా లేదా అని ఎలా తేల్చుకోవాలి? ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు అప్పట్లో ఎలా నెట్టుకొచ్చారు? మాదీ అలాంటి ఇల్లే కాబట్టి రాస్తున్నాను.

మేం ఉండేది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో. కోవిడ్ వచ్చేనాటికే అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్ నడుస్తోంది, షుగర్ కూడా ఉంది. నేను పోర్టు పనులు చూసే ఒక క్లియరింగ్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఓడలు ఆగవు కాబట్టి లాక్‌డౌన్‌లోనూ మా ఆఫీసు పూర్తిగా మూతపడలేదు. అమ్మ వెళ్లక తప్పని గది ఒకటి, నేను వెళ్లక తప్పని గది ఒకటి. "ఇంట్లోనే ఉండండి" అన్న సలహా మాకు సగమే పనికొచ్చింది.

ఏ గదికి వెళ్లాల్సి వచ్చినా నేను ముందు చూసేవి రెండే. ఇతరులు వదిలిన ఊపిరి ఆ గదిలో ఎంతసేపు నిలిచి ఉంటుంది, దాన్ని నేను ఎంతసేపు పీలుస్తాను. నేల ఎంత శుభ్రంగా ఉంది, గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా ఉందా, జ్వరం చూసే గన్ పట్టుకుని మనిషి నిలబడ్డాడా అన్నవన్నీ దాని తర్వాతే. ఆ గన్ సంగతే తీసుకోండి. కోవిడ్ సోకినవాళ్లు లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్‌ను వదులుతుంటారు. కొందరికి అసలు లక్షణాలే రావు. గన్ పెడితే వాళ్లందరికీ నార్మలే చూపిస్తుంది, లోపలికి పంపించేస్తారు.

కోవిడ్ గాలి ద్వారా వ్యాపిస్తుందన్న విషయం మొదట్లో అందరికీ ఇంత స్పష్టంగా చెప్పలేదు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) స్వయంగా కోవిడ్ గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రకటించింది. దాంతో మా వీధిలో పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగారు, కూరగాయలు ఎండలో ఆరబెట్టారు, లిఫ్టు బటన్ అగ్గిపుల్లతో నొక్కారు. అదే మనుషులు తలుపులు వేసి ఉన్న ఏసీ గదిలో మాస్కు దించుకుని గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. ఆ జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి గాలి ద్వారా వ్యాప్తిని పట్టించుకోండి అని బహిరంగ లేఖ రాశారు. డబ్ల్యూహెచ్‌ఓ తన వెబ్‌సైట్‌లో ఆ మాటను సూటిగా రాసేసరికి 2021 ఏప్రిల్ ఆఖరు అయింది. ఆ లోపు మన దగ్గర రెండో వేవ్ మొదలైపోయింది. నాకు ఇప్పటికీ బాధ కలిగేది ఆ ఏడాది ఆలస్యమే.

నా ఆలోచన మార్చినవి రెండు సంఘటనలు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం చర్చి హాలులో రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. అందులో ఒకరికి జలుబు లాంటి లక్షణాలున్నాయి. చివరికి ఆ మనిషితో కలిపి 53 మందికి కోవిడ్ వచ్చినట్టు, కొందరికి టెస్టులో, మిగతావాళ్లకు లక్షణాలను బట్టి, లెక్క తేలింది. ఇద్దరు చనిపోయారు. రెండోది చైనాలోని గ్వాంగ్‌ఝౌలో, 2020 జనవరి 24న. కిటికీలు లేని రెస్టారెంటులో పక్కపక్క మూడు టేబుళ్ల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పది మందికి సోకింది. ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ల మధ్యే తిరిగింది. ఆ గాలి అందని వేరే టేబుళ్లవాళ్లకు, వడ్డించిన సిబ్బందికి రాలేదు.

మన వంటింట్లో ఎండుమిరపకాయల పోపు మాడితే ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. ముందు పొయ్యి దగ్గర ఉన్నవాళ్లకు దగ్గు వస్తుంది. కాసేపటికి హాల్లో టీవీ చూసేవాళ్లూ దగ్గుతారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి రెండు కిటికీలు తీస్తే కొద్దిసేపట్లో పోతుంది. తలుపులు మూసి ఉంటే పోపు గిన్నె దించేశాక కూడా ఘాటు చాలాసేపు వదలదు. ఊపిరితో వచ్చే సన్నటి తుంపరలకు రంగూ వాసనా లేవు కానీ అవి మసలే తీరు ఇదే. దగ్గరగా ఉంటే ఎక్కువ, మూసిన గదిలో దూరంగా ఉన్నా తప్పదు, మనిషి వెళ్లిపోయాక కూడా కొంతసేపు ఉంటాయి. గట్టిగా మాట్లాడితే, పాడితే, అరిస్తే ఇంకా ఎక్కువ వస్తాయి.

ఇక్కడ వైజాగ్ వాతావరణం మనకు అడ్డం పడుతుంది. ఉక్కపోతకు కిటికీ తీసి కూర్చోమంటే ఎవరూ ఒప్పుకోరు. మనం వాడే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. చల్లగా ఉంది కాబట్టి గాలి తాజాగా ఉందనిపిస్తుంది, అక్కడే పొరపాటు జరుగుతుంది. సీలింగ్ ఫ్యాన్ అయినా అంతే, తిప్పుతుంది తప్ప బయటికి పంపదు. మా ఆఫీసులో నేను పోరి సాధించుకున్నది ఇదొక్కటి: బాత్రూం వైపున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడాలి, దానికి ఎదురుగా ఉన్న కిటికీ బెత్తెడు తీసి ఉండాలి. ఏసీ నడుస్తూనే ఉంటుంది. కరెంటు బిల్లు పెరుగుతుందని మా సార్ మొదట గొణిగారు. ఒక గుమస్తాకు జ్వరం వస్తే మిగతా అందరూ సెలవు పెట్టాల్సి వస్తుంది, అప్పుడు షిప్పింగ్ బిల్లులు ఎవరు చూస్తారు అని అడిగితే ఒప్పుకున్నారు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక మాత్రం ఏసీ ఆపేసి రెండువైపులా తీసేవాళ్లం.

కొన్నాళ్లకు కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాను. మీకు వీలైతే ఇది కొనండి, శానిటైజర్ మీద పెట్టే డబ్బు కంటే దీనికే విలువ. బయటి గాలిలో ఆ వాయువు 420 పీపీఎం (పది లక్షల వంతుల్లో 420 వంతులు) దగ్గర ఉంటుంది, మనం వదిలే ఊపిరిలో సుమారు 40,000. కాబట్టి గదిలో అంకె ఎంత పెరిగితే అంతమేర ఇంకొకరి ఊపిరి మనం పీలుస్తున్నట్టు. 1,200 చూపిస్తే పీల్చే గాలిలో యాభయ్యో వంతు ఇంకొకరి ఊపిరితిత్తుల నుంచి వచ్చిందే. 2,000 చూపిస్తే దాదాపు పాతికో వంతు. నేను 800 లోపు ఉంటే నిశ్చింతగా కూర్చునేవాణ్ణి, వెయ్యి దాటితే పని ముగించుకుని బయటపడేవాణ్ణి. కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ సెన్సర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఆ వాయువునే కొలిచేది) ఉన్నదే తీసుకోండి. చవక రకాలు కొన్ని ఆ వాయువును కొలవవు, ఏవో వాసనలను బట్టి అంకె చూపిస్తాయి. దగ్గర్లో శానిటైజర్ చల్లి చూడండి, అంకె ఒక్కసారి ఎగిరిందంటే అది పనికిరాదు. ఇంకో సంగతి, గదిలో ఇద్దరే ఉండి అందులో ఒకరు మీ ముఖం ముందు నిలబడి మాట్లాడుతుంటే మీటర్ 600 చూపించినా దానికి అర్థం లేదు. దగ్గరి ప్రమాదం దగ్గరిదే.

ప్రయాణాల విషయంలో చాలామంది నా లెక్కతో ఒప్పుకోలేదు. షేర్ ఆటోలో భుజాలు రాసుకుంటూ కూర్చుంటాం కాబట్టి అదే ప్రమాదం, ఏసీ బస్సులో విడివిడి సీట్లు కాబట్టి అది మేలు అనేవాళ్లు. ఆటోకు రెండు పక్కలా తెరిచి ఉంటుంది, కదులుతున్నంతసేపూ గాలి మారిపోతుంది. అందుకే వర్షానికి పట్టాలు దించేస్తే నేను ఎక్కేవాణ్ణి కాదు. ఆర్టీసీ ఆర్డినరీ బస్సులో కిటికీలన్నీ తీసి ఉంటే, నేను కిటికీ పక్కన ఉంటే సరే అనుకునేవాణ్ణి. జగదాంబ దగ్గరో ఎన్ఏడీ దగ్గరో ట్రాఫిక్‌లో ఆగిపోయి, జనం నిండిపోతే మాత్రం దిగి నడిచేవాణ్ణి. రైతుబజారుకు జనం ఎక్కువని భయపడి, అదే సరుకు కోసం మూసిన ఏసీ సూపర్ మార్కెట్‌లో అరగంట క్యూలో నిలబడటం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. లిఫ్టుకు మాస్కు చాలు, అమ్మతో ఉన్నప్పుడు ఖాళీ లిఫ్టు వచ్చేదాకా ఆగేవాళ్లం.

డయాలసిస్ హాలు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇలాంటి తప్పని గది మీకూ ఒకటి ఉండి ఉంటుంది. నాలుగు గంటలు, ఏసీ, పక్కపక్కన బెడ్లు, బిగించేసిన కిటికీలు. నేను చెప్పిన లెక్క ప్రకారం చూస్తే అంతకంటే చెడ్డ గది ఉండదు. మానేద్దామా అంటే మానితే ప్రాణం పోతుంది. కాబట్టి ఆ నాలుగు గంటల్లోనే ఏం తగ్గించగలమో చూశాం. తెల్లవారు షిఫ్టు అడిగి తీసుకున్నాం. రాత్రంతా హాలు ఖాళీగా ఉంటుంది కాబట్టి ముందు షిఫ్టువాళ్ల ఊపిరి మిగిలి ఉండదు. మూల బెడ్ వదిలేసి తలుపు దగ్గర బెడ్ అడిగాం. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య రెండు తలుపులూ బార్లా తీసి ఉంచమని సిస్టర్‌ను బతిమాలితే ఆవిడ వెంటనే ఒప్పుకుంది, తనకూ అదే భయం ఉందని చెప్పింది. అమ్మ ఇంటి దగ్గరే తినేసి వెళ్లేది. మధ్యలో నీరసం వస్తే బిస్కెట్ తినక తప్పదు, పక్క బెడ్ ఆవిడ తినేటప్పుడు కాకుండా వేరే సమయంలో తినేది. మిగతా అంతసేపూ ఎన్95.

ఆ మాస్కు గురించి కూడా చెప్పాలి. చెవులకు తగిలించేదానికంటే తల వెనక్కి రెండు పట్టీలు ఉన్నదే ముఖానికి బాగా పడుతుంది. ముక్కు దగ్గర తీగ నొక్కాక కళ్లజోడు మీద ఆవిరి కమ్ముతోందంటే పైనుంచి గాలి కారుతున్నట్టే. వాల్వు ఉన్నవి వద్దు, మనం వదిలే గాలి వడకట్టకుండా బయటికి పోతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2020 జూలైలోనే వాటిని వాడొద్దని రాష్ట్రాలకు రాసింది. గుడ్డ మాస్కు ఎంత అందంగా కుట్టించినా నాలుగు గంటల హాలుకు చాలదు.

అమ్మకు అంత పెద్ద రిస్క్ తప్పదు కాబట్టి తప్పించుకోగలిగినవన్నీ మేం తప్పించాం. అందులో కష్టమైంది శుభకార్యాలు. జనం సంఖ్య ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క చెబుతాను. ఊళ్లో వందలో ఒకరికి వైరస్ ఉందనుకోండి. పదిమంది ఉన్న గదిలో కనీసం ఒకరికి ఉండే అవకాశం 10 శాతానికి కాస్త తక్కువ. యాభై మంది ఉన్న చోట దాదాపు 40 శాతం. వంద మంది ఉన్న హాలులో 63 శాతం. 2021 ఏప్రిల్, మే నెలల్లో వందలో ఒకరు అనుకోవడం కూడా తక్కువే, మా సందులోనే వరసగా ఇళ్లు పడుకున్నాయి. ఫంక్షన్ హాలులో ఇంతమందీ మాస్కు తీసి ఒకేసారి భోంచేస్తారు, మేళం మోతలో ఒకరికొకరు వినపడాలని అరిచి మాట్లాడతారు.

మా పిన్ని కూతురి పెళ్లికి నేను ఒక్కణ్ణే వెళ్లాను. ముహూర్తం వేళకు ఆరుబయట పందిరి దగ్గర నిలబడి అక్షింతలు వేసి, చదివింపులు రాయించి, భోజనం చేయకుండా వచ్చేశాను. పిన్ని నొచ్చుకుంది. తర్వాత ఫోన్ చేసి అమ్మే మాట్లాడింది, "వాడు నా కోసం తినలేదే, నీ మీద కోపంతో కాదు" అని. నా అనుభవంలో జబ్బు మనిషి పేరు చెప్పి ముందే ఫోన్ చేస్తే ఎక్కువమంది అర్థం చేసుకుంటారు. చెప్పకుండా మానేస్తేనే మాటలు వస్తాయి.

అలాగని మనిషిని గదిలో పెట్టి తలుపేయడం కూడా సరికాదు. "ఇంకెన్నాళ్లురా ఇలా, మనవల మొహం చూడకుండా" అని అమ్మ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. అక్క పిల్లల్ని మేడ మీదికి రప్పించడం మొదలుపెట్టాం. సాయంత్రం ఎండ తగ్గాక, కుర్చీలు దూరంగా వేసుకుని, ఎవరి టిఫిన్ బాక్సు వాళ్లది. పిల్లల్లో ఎవరికి ముక్కు కారినా ఆ వారం రద్దు. ఆరుబయట రిస్క్ చాలా తక్కువ కాబట్టి ఉన్న ధైర్యమంతా అక్కడ వాడుకున్నాం, నాకు అన్నిటికంటే మంచి నిర్ణయం అదే అనిపిస్తుంది.

నాకు 2022 జనవరిలో ఒమిక్రాన్ సోకింది. అప్పటికి అమ్మకు టీకాలు పడ్డాయి కానీ డయాలసిస్ రోగుల్లో టీకా ప్రభావం తక్కువగా ఉంటుందని డాక్టరు ముందే చెప్పారు. గొంతు గరగర మొదలవగానే, టెస్టు కోసం చూడకుండా, నేను వీధి గదిలోకి మారిపోయాను. కిటికీలో టేబుల్ ఫ్యాన్ బయటివైపుకు తిప్పి పెట్టాను. అలా పెడితే గదిలో గాలి వీధిలోకి పోతుంది, ఇంట్లో గాలి తలుపు సందులోంచి నా గదిలోకి వస్తుంది. లోపలివైపుకు తిప్పితే నా ఊపిరి ఇంట్లోకి పోతుంది, ఈ దిశ మాత్రం తప్పకూడదు. ఒక అగరుబత్తి వెలిగించి తలుపు సందు దగ్గర పట్టుకుంటే పొగ ఎటు లాగుతోందో తెలుస్తుంది. అమ్మకు రెండుసార్లు టెస్టు చేయించాం, రెండుసార్లూ నెగెటివ్ వచ్చింది. పాజిటివ్ వచ్చి ఉంటే అప్పట్లో మామూలు హాలులో డయాలసిస్ చేసేవారు కాదు, కోవిడ్ రోగులకు చేసే వేరే యూనిట్ వెతుక్కోవాల్సి వచ్చేది. మీ ఇంట్లోనూ డయాలసిస్, కీమో లాంటివి నడుస్తుంటే, పాజిటివ్ వస్తే ఎక్కడ చేస్తారన్నది ఇప్పుడే మీ ఆసుపత్రిలో అడిగి, ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి.